కరెస్పాండెన్స్ చెస్ గేమ్ ఎలా ఆడాలి, దానికి ఓపెనింగ్ ఎలా తయారు చేసుకోవాలి

కరెస్పాండెన్స్ చెస్ (ఉత్తరాల మీదో ఆన్‌లైన్‌లోనో ఒక్కో ఎత్తుకి రోజుల టైమ్ తీసుకుని ఆడే చెస్) కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి మూడే. ఓపెనింగ్ (గేమ్ మొదటి ఎత్తుల వరుస) పుస్తకం, డేటాబేస్ (పాత గేమ్‌ల ఎత్తులు దాచిన జాబితా) చూడొచ్చా, చూస్తే చీటింగ్ అవుతుందా? ఏ ఓపెనింగ్ ఆడాలి? పుస్తకం చూసే ఆడాను కదా, మరి పన్నెండో ఎత్తుకల్లా పొజిషన్ ఎందుకు పాడైపోయింది? ఈ మూడో ప్రశ్న అసలైనది, కింద రాసినదంతా ఎక్కువగా దానికోసమే. నా అభిప్రాయం ముందే చెప్తా, పుస్తకం చూసి ఆడటంలో తప్పేం లేదు, అది ఈ ఆటలో ఎప్పట్నుంచో ఉన్నదే, ఎందుకు వేస్తున్నామో తెలియని ఎత్తు పంపడం దగ్గరే గేమ్‌లు పోతాయి.

బ్లిట్జ్ (కొన్ని నిమిషాల్లో అయిపోయే గేమ్) ఆడి ఆడి విసుగొచ్చినవాళ్ళకి, ఉద్యోగం పిల్లలతో గంట ఖాళీ దొరకనివాళ్ళకి, విజయవాడలో ఒకరు డాలస్‌లో ఒకరు ఉండి పదిన్నర పదకొండున్నర గంటల టైమ్ తేడాతో కలిసి ఆడలేకపోతున్న ఫ్రెండ్స్‌కి ఇది చాలా బావుంటుంది. ఒక్కో ఎత్తుకి రోజుల టైమ్ ఉంటుంది, ఎవరి వీలును బట్టి వాళ్ళు వేస్తారు.

ఏమేం కావాలి

- ఒక చెస్ సైట్‌లో అకౌంట్. లీచెస్‌లో "కరెస్పాండెన్స్" అని, చెస్ డాట్ కామ్‌లో "డైలీ" అని ఉంటుంది. సీరియస్‌గా టోర్నమెంట్లు ఆడాలంటే ఐసీసీఎఫ్, అంటే 1951లో మొదలైన అంతర్జాతీయ కరెస్పాండెన్స్ చెస్ సమాఖ్య, దానికి సొంత సర్వర్ ఉంది. మన దేశానికి ఆల్ ఇండియా కరెస్పాండెన్స్ చెస్ ఫెడరేషన్ ఉంది.
- నిజమైన చెస్ బోర్డు ఒకటి. స్క్రీన్ మీద కనపడనివి బోర్డు మీద కనపడతాయి, ముఖ్యంగా మూలన ఉన్న బిషప్‌లు.
- ఒక నోట్‌బుక్, లేదా గేమ్‌కొక ఫైల్. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- ఓపెనింగ్ చూసుకోడానికి ఏదో ఒక ఆధారం, పుస్తకమైనా సరే, ఆన్‌లైన్ ఎక్స్‌ప్లోరర్ (ఒక్కో పొజిషన్‌లో ఇదివరకు ఏ ఎత్తులు వేశారో చూపించేది) అయినా సరే.
- రోజుకి ఓ ఇరవై నిమిషాలు. అన్ని రోజులూ అక్కర్లేదు, కానీ కూర్చున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టేసి కూర్చోవాలి.

1. ముందు రూల్స్ చదవండి, మిగతావన్నీ తర్వాత

ఇక్కడ పొరబాటు జరిగితే అకౌంటే పోతుంది కాబట్టి నిదానంగా చదవండి. లీచెస్‌లో, చెస్ డాట్ కామ్‌లో కరెస్పాండెన్స్ గేమ్‌కి ఓపెనింగ్ పుస్తకాలు, ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ వాడొచ్చు. ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టి చెప్పే ప్రోగ్రామ్) మాత్రం వాడకూడదు. వేరే విండోలో పెట్టి చూడటం, ఫోన్‌లో చూడటం, "కొంచెం పోలిన పొజిషన్" పెట్టి చూడటం, ఫ్రెండ్‌ని అడగటం, ఇవన్నీ కూడా అందులోకే వస్తాయి. చెస్ డాట్ కామ్ డైలీలో ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలిన పొజిషన్లకి కచ్చితమైన ఫలితం చెప్పేది) కూడా కుదరదు.

ఐసీసీఎఫ్‌లో సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఇంజిన్ వాడొచ్చు, అందరూ వాడతారు. అందుకే అక్కడ పై స్థాయిలో గేమ్‌లు చాలావరకు డ్రా అవుతాయి, గెలవాలంటే ఇంజిన్ చెప్పిన మొదటి ఎత్తు పంపితే సరిపోదు, పొజిషన్ ఎటు తీసుకెళ్ళాలో మనిషే నిర్ణయించుకోవాలి. కొత్తవాళ్ళు ముందు ఇంజిన్ లేని చోట ఒక ఏడాది ఆడి తర్వాత అటు వెళ్ళడం మంచిదని నా సలహా.

ఒక హెచ్చరిక. ఎక్స్‌ప్లోరర్ పక్కనే ఇంజిన్ బటన్ ఉండే యాప్‌లు చాలా ఉన్నాయి, ఓపెనింగ్ చూద్దామని తెరిస్తే ఇంజిన్ అదే నడిచేస్తుంది. గేమ్ నడుస్తున్నప్పుడు ఆ సైట్ వాళ్ళ సొంత ఎనాలిసిస్ బోర్డే వాడండి. లీచెస్‌లో నడుస్తున్న కరెస్పాండెన్స్ గేమ్ నుంచి ఎనాలిసిస్ బోర్డు తెరిస్తే ఎక్స్‌ప్లోరర్ పనిచేస్తుంది, ఇంజిన్ ఆపేసి ఉంటుంది, కాబట్టి భయం లేదు.

2. టైమ్, ఎన్ని గేమ్‌లు

ఒక్కో ఎత్తుకి 1 రోజు నుంచి 14 రోజుల దాకా పెట్టుకోవచ్చు. మొదటిసారి 3 రోజులు పెట్టుకోండి. లెక్క వేసి చూడండి, 40 ఎత్తుల గేమ్‌లో ఇద్దరూ ప్రతిసారీ మూడు రోజులూ పూర్తిగా వాడుకుంటే 240 రోజులు, అంటే ఎనిమిది నెలలు. అంతకాలం పట్టకపోవచ్చు గానీ పట్టినా సరే అనుకునే మొదలుపెట్టండి. ఐసీసీఎఫ్ సర్వర్‌లో మామూలుగా 10 ఎత్తులకి 50 రోజులు అనే పద్ధతి చాలాకాలంగా ఉంది, కానీ టోర్నమెంట్‌ని బట్టి మారుతుంది, చేరేముందు చూసుకోండి.

గేమ్‌లు మొదట మూడో నాలుగో చాలు. అందరూ చేసే తప్పు ఏంటంటే ఉత్సాహంగా ఒకేసారి ఇరవై గేమ్‌లు మొదలుపెట్టేస్తారు, మొదటి వారం ఓపెనింగ్ ఎత్తులు చకచకా వెళ్ళిపోతాయి కాబట్టి ఏమీ అనిపించదు, నెల తిరిగేసరికి ఇరవై పొజిషన్లూ ఒకేసారి ముదురుతాయి, అప్పుడు ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా ఇవ్వలేక బ్లిట్జ్ లాగా వేసేస్తారు. అలాంటప్పుడు కరెస్పాండెన్స్ ఆడి లాభం లేదు.

3. ఓపెనింగ్ ఎంచుకోవడం

తెల్లపావులకి ఒకటి, నల్లపావులకి రెండు (అవతలివాళ్ళు ఈ4, అంటే ఈ నిలువు వరుస బంటుని నాలుగో గడికి, వేస్తే ఒకటి, డీ4 వేస్తే ఒకటి), మొత్తం మూడు చాలు. ఎంచుకునేటప్పుడు ఒక్కటే గుర్తు పెట్టుకోండి. ఉచ్చు మీద ఆధారపడిన ఓపెనింగ్ ఇక్కడ పనిచేయదు. మూడు నిమిషాల గేమ్‌లో కంగారులో పడిపోయే మనిషి మూడు రోజుల టైమ్ ఉంటే పడడు, పైగా అతని చేతిలోనూ పుస్తకం ఉంటుంది. ఉచ్చు తప్పించుకున్నాక మీకు మిగిలే పొజిషన్ ఎలా ఉందో చూడండి, అది బావుంటేనే ఆ ఓపెనింగ్ తీసుకోండి.

నెమ్మదిగా ఆడేవాళ్ళకి ఇటాలియన్, క్వీన్స్ గాంబిట్, నల్లవైపు కారో-కాన్, స్లావ్ బావుంటాయి. పదునుగా కావాలంటే సిసిలియన్, టూ నైట్స్. స్కాచ్ కూడా మంచిదే, నిజానికి ఆ ఓపెనింగ్‌కి ఆ పేరు వచ్చిందే కరెస్పాండెన్స్ మ్యాచ్ వల్ల. 1824 నుంచి 1828 దాకా ఎడిన్‌బరో క్లబ్‌కీ లండన్ క్లబ్‌కీ ఉత్తరాల మీద మ్యాచ్ జరిగింది, లండన్ వాళ్ళు మొదట ఆ ఓపెనింగ్ వేశారు, ఎడిన్‌బరో వాళ్ళకి అది నచ్చి తర్వాత వాళ్ళూ అదే వేశారు, చివరికి మ్యాచ్ వాళ్ళే గెలిచారు. అవతలివాడి ఎత్తు బావుంటే తీసుకుని వాడేసుకోవచ్చన్నమాట, ఇందులో మొహమాటం ఏం లేదు. మీరు ఓడిపోయిన ఓపెనింగ్‌ని తర్వాతి గేమ్‌లో మీరే అటువైపు నుంచి ఆడి చూడండి, చాలా నేర్చుకుంటారు.

4. ఓపెనింగ్ ఫైల్ రాసుకోవడం

ఇక్కడ్నుంచి ఒకే ఉదాహరణ పట్టుకుందాం, టూ నైట్స్ డిఫెన్స్. ఎత్తులు ఇవి:

1. ఈ4 ఈ5
2. గుర్రం ఎఫ్3, గుర్రం సీ6
3. బిషప్ సీ4, గుర్రం ఎఫ్6
4. గుర్రం జీ5, డీ5
5. ఈ-బంటుతో డీ5 కొట్టు

ఐసీసీఎఫ్‌లో ఏ భాషవాళ్ళకైనా అర్థమవ్వాలని అంకెల్లో రాసే పద్ధతి ఒకటుంది. ఏ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలకి 1 నుంచి 8, తర్వాత అడ్డ వరుస నంబరు, బయల్దేరిన గడి ముందు, చేరిన గడి తర్వాత. అలా పైన ఉన్నవి 5254 5755, 7163 2836, 6134 7866, 6375 4745, 5445 అవుతాయి. క్యాస్లింగ్‌కి (రాజు, ఏనుగు కలిపి జరిపే ఎత్తు) రాజు ఎత్తు ఒక్కటే రాస్తారు, తెల్లరాజు చిన్నవైపు 5171, పెద్దవైపు 5131. బంటు చివరిదాకా వెళ్తే ఐదో అంకె చేరుతుంది, 1 క్వీన్, 2 ఏనుగు, 3 బిషప్, 4 గుర్రం. సర్వర్‌లో పావుని లాగి వదిలితే అదే రాసుకుంటుంది, ఉత్తరాల మీద ఆడేవాళ్ళు, పాత గేమ్‌లు చదివేవాళ్ళు మాత్రం ఇది నేర్చుకోవాలి.

ఇప్పుడు నల్లవైపు ఐదో ఎత్తు ఏం వేయాలి? ఫైల్‌లో ఇలా రాసుకోండి, మీ మాటల్లో.

గుర్రంతో డీ5 బంటుని కొట్టడం: చూడగానే అదే తోస్తుంది, కానీ తెల్లవాళ్ళు గుర్రాన్ని ఎఫ్7 మీద బలిచ్చి రాజుని బోర్డు మధ్యలోకి లాగుతారు, ఫ్రైడ్ లివర్ అంటారు. లేదా ముందు డీ4 వేసి ఆ తర్వాత దాడికొస్తారు. ఎదురుగా మూడు రోజుల టైమ్ ఉన్న మనిషి ఉంటే దీన్ని కాపాడుకోవడం చాలా కష్టం.

గుర్రం ఏ5: ఎక్కువమంది ఆడేది. సీ4 బిషప్ మీదకి వెళ్తుంది. తెల్ల బిషప్ బీ5 నుంచి చెక్ ఇస్తుంది, సీ6, బంట్లు మారతాయి, నల్లవాళ్ళకి ఒక బంటు తక్కువ, బదులుగా పావులు త్వరగా బయటికొస్తాయి. ఏ5లో గుర్రం కొన్నాళ్ళు పక్కన పడి ఉంటుంది, ఆ సంగతి కూడా రాసుకోండి.

బీ5 (2725): అరుదుగా ఆడతారు. తెల్లవైపు మంచి జవాబు బిషప్‌ని వెనక్కి ఎఫ్1కి తీసుకెళ్ళడం, చూడ్డానికి విడ్డూరంగా ఉంటుంది.

గుర్రం డీ4: ఇంకో అరుదైన దారి. తెల్ల సీ3, నల్ల బీ5, తెల్ల బిషప్ ఎఫ్1, నల్ల గుర్రం డీ5 కొట్టుడు. ఇప్పుడు పైన ఉన్న బీ5 లైన్‌తో పోల్చండి. బీ5, బిషప్ ఎఫ్1, గుర్రం డీ4, సీ3, గుర్రం డీ5 కొట్టుడు. రెండూ ఒకే పొజిషన్‌కి చేరాయి. దీన్నే ట్రాన్స్‌పొజిషన్ అంటారు, డేటాబేస్‌లో ఎత్తుల వరుస బట్టి వెతికేవాళ్ళు సగం గేమ్‌లు మిస్ అవుతారు, ఎప్పుడూ పొజిషన్ బట్టే వెతకండి.

ప్రతి ఎత్తుకీ ఫైల్‌లో మూడు విషయాలు ఉండాలి: ఎత్తు ఎందుకు, అవతలివాళ్ళు ఏం చేయాలనుకుంటారు, దీని తర్వాత నా పావులు ఎక్కడికి వెళ్ళాలి. ఉత్త ఎత్తుల పట్టీ రాసుకుంటే అది ఫైల్ కాదు, కాపీ.

ఈ ఫైల్ పని ఎంత దూరం వెళ్ళగలదో ఒక గేమ్ చూపిస్తా. ఐదో ప్రపంచ కరెస్పాండెన్స్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, 1965 నుంచి 1968 దాకా నడిచింది. తెల్లపావులు సోవియట్ ఆటగాడు యాకోవ్ ఎస్త్రిన్, నల్లపావులు అమెరికా ఆటగాడు హాన్స్ బెర్లినర్. ఎస్త్రిన్ ఈ టూ నైట్స్ డిఫెన్స్‌కే పెద్ద నిపుణుడు, అలాంటి మనిషి మీద అదే ఓపెనింగ్ వేయడానికి బెర్లినర్ తయారై వచ్చాడు. పైన చెప్పిన ఐదో ఎత్తు బీ5 వేశాడు. ఆ ఉమ్మడి పొజిషన్‌కి వచ్చాక తెల్లగుర్రం ఈ4కి వెళ్ళింది, నల్లక్వీన్ హెచ్4కి, తెల్లగుర్రం జీ3కి, నల్లబిషప్ జీ4కి, తెల్ల ఎఫ్3, ఇప్పుడు బిషప్ మీద బంటు ఉంది, డీ4 గుర్రం మీద కూడా బంటు ఉంది, రెండూ పట్టించుకోకుండా బెర్లినర్ ఈ4 తోశాడు. ఎస్త్రిన్ గుర్రాన్ని కొట్టాడు, బెర్లినర్ తాపీగా ఇంకో బిషప్‌ని డీ6లో పెట్టాడు. ఒక గుర్రం పోయింది, తర్వాత రాజుకి క్యాస్లింగ్ కూడా పోయి డీ8లో నిలబడాల్సొచ్చింది, అయినా దాడి ఆగలేదు. గేమ్ చివరికి ఏనుగుల ఎండ్‌గేమ్‌కి వెళ్ళి 42వ ఎత్తుకి నల్లవాళ్ళు గెలిచారు. ఆ ఫైనల్‌లో బెర్లినర్‌కి 16 గేమ్‌లకి 14 పాయింట్లు, 12 గెలుపులు 4 డ్రాలు, ఒక్క ఓటమి లేదు, రెండో స్థానానికి మూడు పాయింట్ల తేడా. కంప్యూటర్ సాయం లేని రోజుల్లో, ఉత్తరాల మీద.

ఈ గేమ్ మొత్తం ఎత్తులు వెతుక్కుని నిజమైన బోర్డు మీద ఒక సాయంత్రం ఆడి చూడండి. కానీ చూసి వెంటనే మీ గేమ్‌లో అదే వేసేయకండి, ఆ లైన్‌లో తెల్లవైపు ఇంకా మంచి ఎత్తులు ఏమున్నాయనే వాదన ఆ గేమ్‌తో ఆగిపోలేదు, మీ ప్రత్యర్థి దగ్గర ఇప్పటి డేటాబేస్ ఉంటుంది.

5. డేటాబేస్ సరిగ్గా చదవడం

ఎక్కువ గేమ్‌లు ఇక్కడే పోతున్నాయి, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా.

గెలుపు శాతం చూసి ఎత్తు ఎంచుకోకండి. నాలుగు గేమ్‌ల్లో మూడు గెలిస్తే 75 శాతం అని చూపిస్తుంది, దానికి విలువ లేదు. గేమ్‌ల సంఖ్య చూడండి, తర్వాత ఆ గేమ్‌లు ఎవరు ఆడారో చూడండి, 2600 రేటింగ్ ఆటగాడు 2200 రేటింగ్ ఆటగాడి మీద గెలిస్తే అది ఓపెనింగ్ గొప్ప కాదు. తర్వాత సంవత్సరం చూడండి. ఒక ఎత్తు ఇదివరకు బాగా ఆడి, తర్వాత హఠాత్తుగా అందరూ మానేశారంటే దానికి జవాబు దొరికిందని అర్థం, ఆ జవాబు ఏంటో దొరికేదాకా వెతకండి.

లీచెస్ ఎక్స్‌ప్లోరర్‌లో రెండు రకాలు ఉంటాయి. మాస్టర్స్ డేటాబేస్ అంటే 2200 పైన రేటింగ్ ఉన్నవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఆడిన గేమ్‌లు. రెండోది సైట్‌లో మనలాంటివాళ్ళు ఆడినవి, అందులో మామూలుగా బ్లిట్జ్ గేమ్‌లే నిండిపోయి ఉంటాయి. ఫిల్టర్‌లోకి వెళ్ళి బుల్లెట్, బ్లిట్జ్ తీసేసి కరెస్పాండెన్స్, క్లాసికల్ మాత్రం ఉంచి చూడండి, శాతాలు మొత్తం మారిపోతాయి. ఇందాకటి ఉదాహరణలోనే ఐదో ఎత్తుకి గుర్రంతో కొట్టడం బ్లిట్జ్‌లో ఎంతమంది ఆడుతున్నారో చూడండి, తర్వాత మాస్టర్స్ వైపు తిప్పి చూడండి.

ఇంకోటి, మీరు వేయబోయే ఎత్తు దగ్గర ఆగకండి. దాని తర్వాత అవతలివాళ్ళ మూడు ముఖ్యమైన జవాబులూ నొక్కి చూడండి, ఒక్కోదానికి ఇంకో నాలుగు ఎత్తులు ముందుకెళ్ళండి. పుస్తకం మంచి పొజిషన్‌లో ఆగుతోందా, ఇబ్బంది పొజిషన్‌లో ఆగుతోందా అనేది అప్పుడే తెలుస్తుంది. ఐదో ఎత్తుకి 60 శాతం, తొమ్మిదో ఎత్తుకి వచ్చేసరికి 38 శాతం అయిపోయే దారులు బోలెడు.

ప్రత్యర్థి పాత గేమ్‌లు చూడటం కూడా మామూలే, అది రూల్స్‌కి విరుద్ధం కాదు. ఏ ఓపెనింగ్‌లో తడబడుతున్నారో పది గేమ్‌లు చూస్తే అర్థమవుతుంది.

6. పుస్తకం అయిపోయిన చోట

పన్నెండో ఎత్తుకి పొజిషన్ ఎందుకు పాడవుతోంది అనే ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. పదకొండు ఎత్తులు పుస్తకంలోవి, రోజుకొకటి చొప్పున పంపేశారు. ఆ ఊపులో పన్నెండోది కూడా అదే వేగంతో పంపేశారు. అది మీ మొదటి సొంత ఎత్తు, గేమ్‌లో అన్నిటికంటే ఎక్కువ టైమ్ దానికే ఇవ్వాలి.

ఎక్స్‌ప్లోరర్‌లో గేమ్‌లు ఐదుకంటే తక్కువకి దిగగానే ఆగండి. ఆ రోజు ఎత్తు పంపొద్దు, రూల్‌లాగా పెట్టేసుకోండి. బోర్డు మీద పొజిషన్ పెట్టి ఇవి రాయండి:

- అవతలివాళ్ళ ఆఖరి ఎత్తు వల్ల ఏం మారింది? ఏ గడి వదిలేశారు, ఏ గడి పట్టుకున్నారు?
- నా పావుల్లో అన్నిటికంటే పనికిరాకుండా కూర్చున్నది ఏది?
- నేను ఇవ్వగల చెక్‌లు, కొట్టగలవి, బెదిరించగలవి అన్నీ. ఎంత పిచ్చిగా కనపడినా రాయండి.
- అవే మూడూ అవతలివాళ్ళకి ఏమున్నాయి?
- కనీసం మూడు ఎత్తులు పోటీకి పెట్టుకోండి. ఒకటే దొరికిందంటే మీరు చూడటం ఆపేశారని అర్థం.

పుస్తకం దాటాక కూడా కొత్త ఎత్తు దొరకొచ్చు. 1999లో కాస్పరోవ్ ఒకవైపు, ఇంటర్నెట్‌లో ప్రపంచం మొత్తం ఒకవైపు ఆడిన గేమ్ ఉంది, మైక్రోసాఫ్ట్ పెట్టింది, ఎత్తుకి ఒక రోజు టైమ్, 75కి పైగా దేశాల నుంచి 50 వేలమందికి పైగా ఓట్లేసి ఎత్తులు ఎంచుకున్నారు. సిసిలియన్‌లో పదో ఎత్తుకి ప్రపంచం వైపు క్వీన్‌ని ఈ6లో పెట్టారు, అప్పటిదాకా తెలియని ఎత్తు అది, ఈ4, సీ4 బంట్లు రెండిటి మీదకీ ఒకేసారి గురి. దాన్ని సూచించింది అప్పటికి పదిహేనేళ్ళ అమ్మాయి ఇరీనా క్రష్. కాస్పరోవ్ 62 ఎత్తుల్లో గెలిచాడు గానీ నాలుగు నెలలు చెమటోడ్చాల్సొచ్చింది. టైమ్ ఇచ్చి పొజిషన్‌ని నిజంగా చూస్తే ఓపెనింగ్‌లో కొత్తది దొరుకుతుంది, దానికి గ్రాండ్‌మాస్టర్ అవ్వక్కర్లేదు.

7. పంపేముందు చెక్ చేసుకోవడం

ఎత్తు నిర్ణయించుకున్నాక ఫైల్‌లో రాసేయండి, పంపకండి. పడుకుని లేచాక మళ్ళీ చూడండి. అప్పుడు ఈ వరుసలో చేయండి:

ముందు బోర్డు తిప్పేయండి, అవతలివాళ్ళ వైపు కూర్చుని మీ ఎత్తుకి జవాబు వెతకండి, మిమ్మల్ని ఓడించాలనే కసితో వెతకండి. తర్వాత ఎనాలిసిస్ మూసేసి అసలు గేమ్ తెరవండి. పొజిషన్ మీ బోర్డు మీద ఉన్నదీ ఇదీ ఒకటేనా, బంటుకి బంటు సరిచూసుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, రెండు రోజులు తప్పు పొజిషన్ మీద ఆలోచించి ఎత్తు పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఏనుగు ఎఫ్1లో ఉందనుకుంటారు, అది ఈ1లో ఉంటుంది.

ఇంకా ఎక్కువగా జరిగే తప్పు, ఎత్తుల వరుస తారుమారు. మీ లెక్కలో ముందు హెచ్3, వాళ్ళ జవాబు, తర్వాత జీ4. మూడు రోజులుగా జీ4 గురించే ఆలోచిస్తున్నారు కాబట్టి చెయ్యి నేరుగా జీ4 వేసేస్తుంది. అందుకే రాసుకున్న ఎత్తు చూసి, పైకి చదివి, అప్పుడు వేయండి. సెట్టింగ్స్‌లో "ఎత్తు కన్ఫర్మ్ చేయి" అనే ఆప్షన్ ఉంటుంది, కరెస్పాండెన్స్‌కి అది ఆన్ చేసి పెట్టుకోండి. ఫోన్‌లో బస్సులో నిలబడి ఎత్తులు పంపకండి, చూసుకోండి చాలు.

8. కండిషనల్ మూవ్స్ జాగ్రత్త

"నువ్వు ఇది వేస్తే నాది ఇది" అని ముందే పెట్టేసుకునే సదుపాయం రెండు సైట్లలోనూ ఉంది. పావు కొడితే తిరిగి కొట్టడం తప్ప దారి లేని చోట్ల టైమ్ బాగా కలిసొస్తుంది. ఓపెనింగ్‌లో మాత్రం తక్కువ వాడండి.

ఉత్తరాల కాలం నుంచీ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. తెల్ల డీ4 వేశారు. నల్లవాళ్ళు పోస్టేజీ మిగుల్చుకుందామని "జీ6, తర్వాత నువ్వేం వేసినా నాది బిషప్ జీ7" అని రాశారు. తెల్లవాళ్ళు బిషప్‌ని హెచ్6లో పెట్టారు. మామూలుగా అయితే ఆ బిషప్‌ని ఊరికే కొట్టేయొచ్చు, కానీ మాట ఇచ్చేశారు కదా, బిషప్ జీ7కి వెళ్ళాలి, తెల్లబిషప్ దాన్ని కొట్టేసి మూలన ఉన్న ఏనుగు మీద గురి పెడుతుంది. కాబట్టి "ఏం వేసినా" అని ఎప్పుడూ పెట్టకండి, వాళ్ళు వేసే ఎత్తు ఫలానా అని కచ్చితంగా చెప్పి దానికే జవాబు పెట్టండి.

9. గేమ్ అయ్యాక

ఇప్పుడు ఇంజిన్ పెట్టుకోవచ్చు. కానీ అది ఆన్ చేసేముందు మీ ఫైల్ తెరిచి ఎక్కడ తప్పు జరిగిందని మీరనుకుంటున్నారో రాయండి, తర్వాత ఇంజిన్‌తో పోల్చండి. మూడు గుర్తులు పెట్టండి: పుస్తకం అయిపోయిన ఎత్తు, ఇంజిన్ అంచనా మొదటిసారి ఒక బంటు విలువకి పైగా మారిన ఎత్తు, మీ నోట్స్‌లో "ఇప్పుడు బావుంది" అని రాసుకున్న ఎత్తు. మొదటి రెండూ పక్కపక్కనే ఉంటే ఓపెనింగ్ అర్థం కాకుండా ఆడారు, ఫైల్‌లో ఆ లైన్ కింద ప్లాన్ రాసుకోవాలి. పుస్తకం అయ్యాక పది పదిహేను ఎత్తులు అంచనా నిలబడితే ఓపెనింగ్ పని సరిగ్గానే జరిగింది, ఓడిపోయినా సరే ఓపెనింగ్ మార్చకండి, మీకు కావాల్సింది మిడిల్‌గేమ్ ప్రాక్టీసు. ఒక్క ఓటమికే ఓపెనింగ్ మార్చేసేవాళ్ళు ఎక్కువ, వాళ్ళ ఫైళ్ళు ఎప్పటికీ ఎనిమిదో ఎత్తు దాటవు.

ఇంకో పరీక్ష, ఫైల్ మూసేసి మీ ఓపెనింగ్‌ని చెస్ తెలిసిన ఎవరికైనా పది ఎత్తుల దాకా చెప్పండి, ప్రతి ఎత్తుకీ "ఎందుకు" అని అడగమనండి. ఎక్కడ "పుస్తకంలో అలా ఉంది" అన్నారో అక్కడ గీత గీసి, తర్వాతి గేమ్ మొదలయ్యేలోపు ఆ ఎత్తు ఒక్కటే చూసుకోండి.

తరచూ వచ్చే చిన్న ప్రశ్నలు

ప్రత్యర్థి ఇంజిన్ వాడుతున్నాడని అనుమానం వస్తే? చాట్‌లో గొడవ పడొద్దు, రిపోర్ట్ బటన్ నొక్కి మీ గేమ్ మీరు ఆడుకోండి, చూసుకోడానికి వాళ్ళకి పద్ధతులు ఉన్నాయి.

ఊరెళ్తున్నాను, టైమ్ అయిపోతుందేమో? చెస్ డాట్ కామ్‌లోనూ ఐసీసీఎఫ్‌లోనూ సెలవు పెట్టుకోవచ్చు, ఎన్ని రోజులన్నది ముందే చూసుకోండి. లేనిచోట 7 రోజులో 14 రోజులో ఉన్న గేమ్‌లే తీసుకోండి. పండక్కి ఊరెళ్ళేముందు కొత్త గేమ్‌లు మొదలుపెట్టకండి.

ఓడిపోయే పొజిషన్‌లో టైమ్ అయ్యేదాకా ఎత్తు వేయకుండా ఉంచొచ్చా? చేయకండి, రిజైన్ చేసి ఒక మాట థాంక్స్ చెప్పండి. అదే ప్రత్యర్థితో రంగులు మార్చుకుని అదే ఓపెనింగ్ ఇంకో గేమ్ ఆడదామని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.